ఆగస్టు పదకొండున పుట్టిన పిల్ల

చెన్నై,
జూన్ నెలాఖరు.

ఈరక్కకు,

ఫోన్లున్న కాలంలో ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. ఇక్కడ క్యాంపులో మా ఫోన్లన్నీ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆదివారం కాసేపు ఇస్తారు. ఆ కాసేపట్లో నీకు చేస్తే మీ ఇంట్లో స్పీకర్ పెట్టేస్తారు. మీ అత్త, రాజశేఖర్ బావ, పక్కింటివాళ్లు, అందరికీ నా కథ కావాలి. ఇది అందరూ వినే కథ కాదు. అందుకే నువ్వు పనిచేసే టైలర్ షాపు అడ్రసుకు రాస్తున్నాను. మిషన్ దగ్గర కూర్చుని ఒక్కదానివే చదువు.

మా శాఖ బాస్కెట్‌బాల్ జట్టులో నాది కాంట్రాక్టు అని నీకు తెలుసు. వచ్చే మార్చితో అయిపోతుంది. ఈ ఏడాది ఇద్దరు అమ్మాయిలను పర్మినెంటుగా తీసుకుంటున్నారు. పోయిన వారం కోచ్ మేడం నన్ను పిలిచి, బోర్డుకు తగిలి వెనక్కొచ్చే బంతిని అందుకోవడంలో నీ తర్వాతే ఎవరైనా, నీ పేరు పంపుతున్నాను అంది. సంతోషంతో నాకు అన్నం సహించలేదు. మరునాడు ఆఫీసులో గుమాస్తా నా పదో తరగతి సర్టిఫికెట్ చూసి, ఇరవై అయిదు దాటిపోయిందమ్మా, పేరు పంపడానికి లేదు అన్నాడు.

నాకు ఇరవై నాలుగు అక్కా. ఎదురింటి బజారి, నేను ఒకే వారంలో పుట్టామని మన ఊళ్లో ఎవర్ని అడిగినా చెబుతారు. వాడికి ఇరవై నాలుగైతే నాకు ఇరవై ఆరు ఎట్లా అవుతుంది?

ఎట్లా అయిందో నీకూ తెలుసు. బడిలో చేర్చిన రోజు హెడ్మాస్టరు సారు కుడి చెయ్యి నెత్తిమీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమన్నాడు. అందితే అయిదేళ్లు నిండినట్టు, అందకపోతే వచ్చే ఏడు రమ్మన్నట్టు. అందరి పిల్లలకూ అదే లెక్క. నావి గొర్రెలకాపరి కర్రలంత చేతులు కాబట్టి నాకు మూడు దాటగానే అందింది. ఈ చేతుల వల్లనే ఆదోని హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు జయరాం సారు నన్ను ప్రేయర్ లైన్లోంచి బయటికి లాగి బంతి ఇచ్చాడు. ఈ చేతుల వల్లనే రెండేళ్లు ముసలిదాన్ని అయ్యాను. పద్దెనిమిది లోపు పిల్లల ఇండియా క్యాంపుకు పోవాల్సిన ఏడాది కాగితం ప్రకారం నాకు పందొమ్మిది. అప్పుడు ఏడ్చి ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను.

నా పుట్టుక ఎక్కడా నమోదు కాలేదు కాబట్టి ఇప్పుడైనా ఆదోని ఆఫీసులో చేయించుకోవచ్చట. హెడ్మాస్టరు సారు వచ్చి, వయసు అంచనాగా రాశానని చెప్పాలి. నాయన లేడు కాబట్టి అమ్మే వచ్చి ప్రమాణం చేయాలి. అంతే. సెప్టెంబరు దాకా నా పేరు ఆపి ఉంచుతానని మేడం మాటిచ్చింది.

నువ్వు సారును వెతుకు. అమ్మను తీసుకుపో. ఆట లేకపోతే నేనేం చేయాలి చెప్పు? మన చేనికొచ్చి పత్తి తీయాలా? నా ఎత్తుకు ఆ చెట్లకు వంగితే వారంలో నడుం పడిపోతుంది. నవ్వుతూ రాస్తున్నాను గాని నాకు నవ్వుగా లేదు. కూర్చోలేకపోతున్నాను, పడుకోలేకపోతున్నాను. తొందరగా రాయి.

నీ మల్లి

*

ఎమ్మిగనూరు,
జూలై రెండో వారం.

మల్లికి,

నీ ఉత్తరం మా షాపు ఓనరు శేషప్ప చేతికి వచ్చింది. పోస్టుమాన్ తెచ్చిన ఉత్తరం చూసి ఎన్నేళ్లయిందో అని దాన్ని అటూ ఇటూ తిప్పి, వాసన కూడా చూసి ఇచ్చాడు. ఇంట్లో అయితే ఇది నా చేతికి వచ్చేసరికి మా అత్తకు కంఠతా వచ్చి ఉండేది. నువ్వు చేసింది మంచిదే.

సారు దొరికాడు. హెడ్మాస్టరు మధుసూదనరావు సారు ఇప్పుడు ఆదోనిలోనే ఉన్నాడు. బస్సు దిగి నాలుగు సందులు తిరిగి పట్టుకున్నాను. నేను ఫలానా ఊరు, ఫలానా వాళ్ల కూతుర్ని అని మొదలుపెట్టకముందే, "పొడుగు చేతుల పిల్ల అక్కవు కదమ్మా" అన్నాడు. ఆయన భార్య కృష్ణాబాయమ్మ కాఫీ ఇచ్చి, పేపర్లో వచ్చిన నీ ఫోటో తెచ్చి చూపించింది. కత్తిరించి దేవుడి గూట్లో పెట్టుకున్నారు.

సంగతి చెప్పాను. ఆయన బాధపడ్డాడు. "ఏం చేద్దునమ్మా. సుగ్గికి పోయే ఊళ్లు మీవి. పంట లేని ఏడాది ఊరికి ఊరే మూటలు కట్టుకుని గుంటూరు వైపు, బళ్లారి వైపు కూలికి పోతారు. పిల్లలు ఎక్కడ పుట్టారో, ఎప్పుడు పుట్టారో తల్లులకే తికమక. చెవి పట్టుకోమనడం తప్ప నాకు వేరే దారి లేదు. ఎప్పుడు రమ్మంటే అప్పుడు వచ్చి చెబుతాను" అన్నాడు. ఒక్క మాట మాత్రం అడిగాడు. "అందరు పిల్లలకూ జూన్ ఒకటి అని రాసేవాణ్ణి. మీ చెల్లెలికి మాత్రం ఆగస్టు పదకొండు అని మీ అమ్మే చెప్పింది. గట్టిగా చెప్పింది. ఏ సంవత్సరమో కూడా చెప్పింది. చెవి అందింది కదా, సరిపోయిందనుకున్నాను."

ఆ తారీఖు అమ్మే చెప్పిందన్నది నాకు కొత్త. నీకూ కొత్తే అనుకుంటాను. నా పుట్టినరోజు జూన్ ఒకటి, బజారిది జూన్ ఒకటి, నీ ఒక్కదానిది ఆగస్టు అని ఎప్పుడైనా ఆలోచించామా?

అక్కడినుంచి కోసిగి బస్సెక్కి ఊరికి పోయాను. అమ్మ బాగుంది, మోకాళ్లు తప్ప. సంగతంతా చెబితే చేట పక్కన పెట్టి విన్నది. విని, "దాని పుట్టిన దినం నేను సెప్పిందే. సారు సరిగ్గానే రాసినాడు. నేను యాడికీ రాను" అన్నది.

"అమ్మా, బజారి కంటే అది పెద్దదా?" అని అడిగాను.

"బజారి సంగతి నాకు తెలీదు. వాళ్లమ్మనడుగు పో" అని లేచి ఎనుముకు మేత వేయడానికి పోయింది. ఎనుము అప్పుడే మేసి నెమరు వేస్తోంది.

మల్లీ, ఆమె అబద్ధం చెబుతోంది. ఎందుకో నాకు తెలియడం లేదు. నువ్వు అరవకు, నేను మళ్లీ పోతాను.

ఈరక్క

*

చెన్నై,
జూలై ఆఖరు.

అక్కా,

అరవద్దన్నావు. కాగితం మీద ఎంత అరిచినా నీకు వినపడదు కాబట్టి అరుస్తాను.

అమ్మకు ఏం కావాలి? నేను ఊరికి రావాలనా? వచ్చి ఏం చేయాలి, ఆమె పక్కన కూర్చుని శెనక్కాయలు ఒలవాలా? పదేళ్లుగా నేను ఎక్కడ ఆడినా ఒక్కసారి వచ్చి చూడలేదు. కప్పు తెస్తే బియ్యం కొలుచుకోవడానికి పనికొస్తుందా అని తిప్పి చూసింది. పోనీ అనుకున్నాను. ఇప్పుడు ఒక్క మాట, నిజమైన మాట చెప్పమంటే రానంటుందా? ఆమెకు నేను అక్కరలేదని చెప్పెయ్యమను, మానేస్తాను.

ఇక్కడ ఏం జరిగిందో విను. అమృత అని నా గదిలో ఉండే అమ్మాయి. దొంగ కాగితంతో వయసు తగ్గించుకుందని తేలి పోయిన వారం ఇంటికి పంపేశారు. మూటాముల్లె సర్దుకుంటూ ఏడుస్తోంది. అందరి ముందూ నేను, బాగా అయింది, ఇట్లాంటివాళ్ల వల్లనే మాలాంటివాళ్ల చోటు పోతుంది అన్నాను. ఆ మాట అన్నాక రెండు రోజులకే నేను వయసు తగ్గించే కాగితం అడిగానని జట్టంతా పాకింది. ఇప్పుడు భోజనాల దగ్గర నేను కూర్చోగానే మాటలు ఆగిపోతాయి. మేడం పిలిచి, అమృత సంగతయ్యాక పైవాళ్లు ఒప్పుకోవడం లేదు, మీ సారు మాట ఒక్కటీ చాలదు, మీ అమ్మ స్వయంగా ఆదోని ఆఫీసుకు పోయి ప్రమాణం చేస్తేనే నమ్ముతారు అంది.

నిన్న ప్రాక్టీసులో ఊరికే ఫౌల్ చేశాను. బంతి మీదకు కాదు, మనిషి మీదకే పోయాను. మేడం నన్ను బెంచీ మీద కూర్చోబెట్టింది. బెంచీ మీద కూడా నా కాళ్లు ఆగలేదు.

కన్నతల్లి నోటి మాట అక్కా. దేశంలో ఎవరికైనా ఇంతకంటే సులువుగా దొరికేది ఉందా?

మల్లి

*

ఎమ్మిగనూరు,
ఆగస్టు, పదకొండు దాటిన మరునాడు.

మల్లికి,

కూర్చుని చదువు. కాళ్లు ఆగకపోయినా సరే, కూర్చో.

నిన్న నీ పుట్టినరోజని మిషన్ పని ఎగ్గొట్టి ఊరికి పోయాను. ఏటా ఆ రోజు అమ్మ బెల్లం పాయసం చేసి ఇంటింటికీ పసిపిల్లల కోసం గిన్నెల్లో పంపుతుంది కదా. నువ్వు హాస్టల్లో ఉన్నా చేసేది. నీ మీద ప్రేమ అనుకునేవాళ్లం. నిన్న నేను ఇంట్లో అడుగుపెట్టేసరికి గిన్నెలు వరసగా పెట్టి పోస్తోంది. మళ్లీ అడిగాను. ఈసారి తిట్టాను కూడా. నీ బిడ్డ నోటి దగ్గర కూడు లాగేస్తున్నావు అన్నాను. ఆ మాటకు గరిటె కింద పెట్టింది.

మల్లీ, నాకూ నీకూ మధ్య ఇంకొక పిల్ల పుట్టింది.

కాన్పు కష్టమైతే నాయన ఎద్దుల బండి కట్టించుకుని ఆదోని పెద్దాసుపత్రికి తీసుకుపోయాడట. అక్కడ నర్సమ్మ పిల్లను చేతిలో పెట్టి, ఈ రోజు ఆగస్టు పదకొండు, గుర్తుపెట్టుకో అన్నదట. అమ్మకు అంతవరకూ ఎవరూ ఏ తారీఖూ చెప్పలేదు. నేను పుట్టింది ఊళ్లో, మంత్రసాని చేతుల్లో. తారీఖు చెప్పేవాళ్లు ఎవరు? అందుకని ఆ మాటను ఇంటికి చేరేదాకా బండిలో మననం చేసుకుంటూనే వచ్చిందట, మరిచిపోతానేమో అని.

పిల్లకు మల్లేశ్వరి అని పేరు పెట్టారు. ఏడాది నిండి నడక నేర్చింది. ఆ ఏడు వానల్లేక బళ్లారి వైపు నాట్లకు పోయారు. అక్కడ గుడిసెల్లో జ్వరం వచ్చింది. డాక్టరు దగ్గరికి నడిచిపోయేలోపే అయిపోయింది. ఎవరిదో పొలం గట్టున పూడ్చి, ఆ మధ్యాహ్నం నుంచే మళ్లీ నాట్లు వేశారట. మేస్త్రీకి కట్టుబడి పోయినవాళ్లు, ఆగడానికి లేదు. నేనప్పుడు గట్టు మీదనే ఆడుకుంటూ ఉన్నానట. నాకు ఏమీ గుర్తులేదు. గుర్తు తెచ్చుకోవాలని నిన్నటి నుంచి చూస్తున్నాను, రావడం లేదు.

తర్వాత నువ్వు పుట్టావు. పోయిన పిల్లే తిరిగి వచ్చిందని అవ్వ అదే పేరు నీకు పెట్టించింది. ఇట్లా పెట్టడం మన ఊళ్లలో ఉన్నదే. బడిలో సారు పుట్టిన తారీఖు అడిగితే అమ్మ దగ్గర ఉన్నది ఒక్కటే తారీఖు. అదే ఇచ్చింది. పొరపాటు అనలేను, మోసం అసలే అనలేను. నీ చేతులు పొడుగు కాబట్టి సారు నమ్మాడు.

అన్నీ విని, ఇదే మాట ఆఫీసులో చెప్పమ్మా, చాలు అన్నాను. ఆమె ఏమన్నదో అట్లాగే రాస్తున్నాను.

"ఆ పిల్లే బడికి పోయింది ఈరీ. పదో తరగతి పాసయింది. రైలెక్కి ఢిల్లీకి పోయి ఆడింది. దాని తారీఖు మీదే గదా ఇదంతా అయింది? ఇన్నేండ్లు దాన్ని పెంచినా నేను. ఇప్పుడు పోయి ఆ దినం పుట్టింది సచ్చిపోయింది సారూ అని నా నోటితో సెప్పల్లంటావు. ఒగసారి పూడ్సినా. మల్లా పూడ్సమంటావా?"

గిన్నెలు తీసుకుని ఇంటింటికీ నేనే పంచి వచ్చాను.

ఏం చేద్దామో నువ్వే చెప్పు.

ఈరక్క

*

చెన్నై,
ఆగస్టు ఆఖరు.

అక్కా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. నాలుగుసార్లు రాసి చింపేశాను.

మొదటిసారి, అమ్మను అడగవద్దు, వదిలెయ్ అని రాశాను. అది అబద్ధమని చింపాను. నాకు ఆ ఉద్యోగం కావాలి. ఇప్పటికీ కావాలి. రెండోసారి, చచ్చిపోయిన పిల్ల కోసం బతికున్నదాన్ని చంపుతారా అని రాశాను. అది చదువుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. మిగిలినవి ఏం రాశానో కూడా గుర్తులేదు.

ఆ పిల్ల ఎట్లా ఉండేదో అని ఆలోచిస్తాను. కోర్టులో పరుగెత్తుతూ ఆలోచిస్తాను. మేడం ఈల వేస్తే వినపడదు. నా జెర్సీ వెనక నా పేరు ఉంది కదా, దాన్ని తొడుక్కునేటప్పుడు చెయ్యి ఆగుతుంది. ఎవరిదో బట్ట వేసుకున్నట్టు ఉంటుంది.

అమ్మ మీద కోపం పోయింది. కోపం ఉంటే బాగుండేది, దాంతో ఆడుకునేదాన్ని. ఇప్పుడు ఏమీ లేదు, ఊరికే తిరుగుతున్నాను. కారిడార్లో ఈ కొసనుంచి ఆ కొసకు.

అమ్మను ఏమీ అడగకు. ఇది నిజంగానే రాస్తున్నాను. మార్చి దాకా ఆడతాను, తర్వాత చూద్దాం. అడగకు అని రాస్తూనే, ఆమె తనంతట తాను వస్తే బాగుండు అని అనుకుంటున్నాను. నేను మంచిదాన్ని కాను అక్కా.

మల్లి

*

ఆదోని బస్టాండు,
సెప్టెంబరు, మధ్యాహ్నం.

మల్లికి,

బస్సుకు ఇంకా టైముంది. అమ్మ పక్కనే బెంచీ మీద కూర్చుని జొన్నరొట్టె తింటోంది. నేను ఒడిలో సంచి పెట్టుకుని దాని మీద రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే సర్దుకో.

నీ ఉత్తరం చదివి నేను అమ్మను ఏమీ అడగలేదు. మాటిస్తున్నాను. పొద్దున తలుపు తీసేసరికి మా ఇంటి ముందు నిలబడి ఉంది. తలంటు పోసుకుని, పెట్టెలోని చీర కట్టుకుని, మొదటి బస్సుకే వచ్చింది. మా అత్త కాఫీ తాగమంటే వద్దంది. "నడువు, ఆదోనికి పోదాం. సారుకు సెప్పి పెట్టు" అన్నది. ఎందుకు మనసు మారిందని బస్సులో అడిగాను. కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. సగం దారి దాటినాక, "బతికినదానికి ఏమన్నా సెయ్యగలను. పోయినదానికి ఏం సెయ్యగలను?" అన్నది.

సారు మా కంటే ముందే వచ్చి కూర్చున్నాడు. ఆయన చెప్పాల్సింది ఆయన చెప్పాడు. తర్వాత అమ్మను పిలిచారు. అధికారి కొంచెం వయసులో చిన్నవాడే, మర్యాదగా కుర్చీ వేయించాడు. అమ్మ కూర్చోలేదు.

"ఆగస్టు పదకొండున పుట్టింది ఈ అమ్మాయి కాదా?" అని అడిగాడు.

"కాదు సారూ. అది పెద్దది. నడిసే పిల్ల. జొరమొచ్చి పోయింది."

"ఆ పాప పేరు?"

"మల్లేశ్వరి."

"ఇప్పుడు సర్టిఫికెట్ కావాల్సిన అమ్మాయి పేరు?"

"మల్లేశ్వరి."

రాస్తున్న గుమాస్తా తలెత్తి, ఏంది అవ్వా, ఒకరిదే రెండుసార్లు చెబుతున్నావు అన్నాడు. అమ్మ ఆయన వైపు కూడా చూడలేదు. "ఇద్దరు నాయనా. రాయి. ఇద్దరు పుట్టినారు నాకు" అన్నది. సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అధికారి, చదివి వినిపించి వేలిముద్ర వేయించు అని నెమ్మదిగా చెప్పాడు.

చదివి వినిపించారు. ఆ పాప చనిపోయినట్టు ఉన్న ముక్క దగ్గర అమ్మ కళ్లు మూసుకుంది. తెరిచి వేలు చాపింది. బయటికి వచ్చి కొళాయి దగ్గర వేలికున్న రంగు కడుక్కుంది. ఎంతసేపు కడిగిందో చెప్పలేను, నేను వెనక్కి తిరిగి నిలబడ్డాను.

నీ పుట్టిన తారీఖు బజారి లెక్కనే రాశారు, ఇంకో వారంలో కాగితం చేతికి వస్తుందట. రాగానే పంపుతాను. నీ పని అయినట్టే.

నీకు ఇప్పుడు ఉత్తరం రాస్తున్నానని అమ్మకు చెప్పాను. ఏమన్నా రాయాలా అంటే రొట్టె తినడం ఆపి చెప్పింది. చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"ఇన్ని దినాలు ఇద్దరూ కలిసి ఆడితిరి. దానికి అంత బలం యాడిదని ఊళ్లో అడిగితే లోపల నవ్వుకుంటాంటి. ఇంగ అది లేదు. ఒక్కదానివే ఆడల్ల. పడిపోవద్దని రాయి."

బస్సు వచ్చింది.

ఈరక్క

*

కొచ్చి,
నవంబరు.

అమ్మకు,

అక్కా, ఇది అమ్మకు రాస్తున్నది. ఊరికి పోయి చదివి వినిపించు. మధ్యలో నీ మాటలు కలపకు.

అమ్మా, నాకు ఉద్యోగం వచ్చింది. కాగితం చూసి ఆఫీసులో ఎవరూ ఏమీ అనలేదు. పర్మినెంటు అయ్యాక మొదటి ఆట నిన్న ఇక్కడ కొచ్చిలో ఆడాను. ఎట్లా ఆడానో అక్క ఫోన్లో చూసి చెప్పే ఉంటుంది, గెలిచామని. ఆమెకు కనపడనిది నేను చెబుతాను. మొదట్లో అసలు ఎగరలేకపోయాను. బంతి నా చేతికి అందే ఎత్తులోనే పోతోంది, పట్టుకోలేకపోయాను. నువ్వు చెప్పిన మాట చెవిలో ఉంది. ఒక్కదానివే ఆడాలి అన్నావు. భయం వేసిందమ్మా. నేను ఇంతకాలం ఒక్కదాన్నే ఆడుతున్నాననే అనుకున్నాను, అప్పుడు ఎప్పుడూ భయం వేయలేదు.

మేడం నన్ను పక్కకు పిలిచి నీళ్లిచ్చింది. కూర్చున్నాను. కాళ్లు కదులుతూనే ఉన్నాయి, అవి ఆగవు. మళ్లీ లోపలికి పోయాక సరిపోయింది. ఎందుకు సరిపోయిందో అడగకు, నాకు తెలియదు.

అమృతకు కూడా ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.

నీ మీద చాలా అరిచాను, నువ్వు వినలేదు కాబట్టి బతికిపోయాను. క్షమించమని అడిగితే నువ్వు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తావు. అందుకని అది అడగను. వేరేది అడుగుతాను. ఆ పిల్ల గురించి చెప్పు. అక్కతో రాయించు. తొందరలేదు, గుర్తొచ్చినప్పుడల్లా ఒక ముక్క రాయించు. నల్లగా ఉండేదా, నాలాగా? దేనికి నవ్వేది? అక్కను కొట్టేదా? ఆ పొలం గట్టు ఏ ఊరిదో, అక్కడికి ఏ బస్సు పోతుందో కూడా రాయించు. నాకు సెలవులు వస్తాయి. ఇద్దరం పోదాం.

ఇంకొకటి. ఆమె పేరూ నా పేరూ ఒకటే కదా, తలుచుకోవాలంటే నన్ను నేనే పిలుచుకున్నట్టు ఉంటోంది. బతికుంటే నాకంటే రెండేళ్లు పెద్దది. నేను ఆమెను చిన్నక్క అని పిలవనా?

మల్లి